సపోటా పాదు, మామ్మ పంతం

ఎల్బీనగర్‌లో మెట్రో మెట్ల కింద వేరుశనక్కాయలు వేయించి అమ్మే బండి ఒకటి ఉంటుంది. కొన్నవాళ్ళు అక్కడే నిలబడి ఒలుచుకు తిని, పొట్టు పక్కనున్న చెట్టు మొదట్లో పడేసి పోతారు. మొన్న హఠాత్తుగా జల్లు పడితే ఆ మెట్ల కిందే తలదాచుకున్నాను. తడిసిన పొట్టు వాసన ముక్కుకు తగిలింది, కాస్త మట్టి, కాస్త మాడిన గింజ, కాస్త పాత గోనెసంచి కలిసిన వాసన. ఎదురుగా ఆటోల హారన్లు మోగుతూనే ఉన్నాయి గాని, నేను మాత్రం కర్మన్‌ఘాట్ వైపు మా పాత ఇంటి వాకిట్లో, గౌను మోకాళ్ళ పైకి దోపుకుని, సపోటా చెట్టు పాదు పక్కన గొంతుకు కూర్చున్నాను.

అప్పట్లో మా కాలనీకి కాలనీ అన్న పేరే గాని కాలనీ లక్షణాలు తక్కువ. హద్దురాళ్ళు పాతిన ప్లాట్లు, వాటి మధ్య తంగేడు పొదలు, వానాకాలం కప్పల కచేరీ, ఎండాకాలం ఎర్రదుమ్ము, దిల్‌సుఖ్‌నగర్ దాటాక బస్సు దిగి చెప్పులు అరిగేలా నడక. నాన్నకు ఉద్యోగం ఉంది కాబట్టి ఊరు నచ్చింది, అమ్మకు సొంతిల్లు ఉంది కాబట్టి నచ్చింది, నాకు ఇంకో ఊరు తెలియదు కాబట్టి నచ్చింది. నచ్చనిదల్లా మామ్మకే. మామ్మ అంటే నాన్నగారి అమ్మ. తాతయ్య పోయాక గోదావరి ఒడ్డు ఊరు వదిలి మా దగ్గరికి వచ్చింది, వస్తూ సపోటా అంటుమొక్కను దారి పొడుగునా ఒళ్ళో పెట్టుకు తెచ్చింది. పిల్లాడికైతే అర టిక్కెట్టు కొడతాను, దీనికేం కొట్టమంటారని కండక్టరు అడిగాడట. ఇక్కడి నీళ్ళు ఉప్పన, గాలి పొడి, కూరగాయలు పీచు, ఇక మట్టిని చూస్తే ఆవిడకు ఏడుపొచ్చేది. "ఇది నేలేవిట్రా, రోడ్డేసే కంకర్రా" అనేది నాన్నతో.

మొక్క నాటిన రోజున మామ్మ ఒక మాట అంది. ఇంట్లోవాళ్ళు, పక్క ప్లాటువాళ్ళు, మా ఇంట్లో అద్దెకున్నవాళ్ళు, అందరూ ఉండగానే అంది. "ఇది బతికితే ఈ నేల నన్ను ఉండమన్నట్టు. చస్తే మాత్రం నా పెట్టె సర్దుకుని కాకినాడలో పెద్దాడింటికి పోతాను." పెద్దాడంటే మా పెదనాన్న. ఇంకెవరైనా అంటే నవ్వి ఊరుకునేవాళ్ళం, మామ్మ అంటే నవ్వడానికి లేదు. ఒకసారి ఎవరో చుట్టం కాఫీ ఇస్తూ చిన్నమాట అన్నదని, ఆ ఇంట్లో మంచినీళ్ళు ముట్టననేసి, తర్వాత వాళ్ళింటి పెళ్ళికి వెళ్ళి అందరినీ ఆశీర్వదించి పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా తిరిగొచ్చిన మనిషి. నేను మామ్మ పక్కలో పడుకునేదాన్ని. ఆవిడ చీరకొంగు మొహం మీద కప్పుకుంటే తప్ప నాకు నిద్ర పట్టదు. కాబట్టి ఆ మొక్క బతకడమన్నది ఇంట్లో అందరికంటే నాకు ఎక్కువ అవసరం.

అద్దెకున్నవాళ్ళది పోచంపల్లి పక్కన పల్లె. వెనకవైపు రెండు గదుల్లో ఉండేవారు. ఆయన చీరల మూట సైకిల్ మీద కట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ సందులన్నీ తిరిగి అమ్మేవాడు, ఆవిడ, మా అండాలత్త, ఊళ్ళో మరిది మగ్గానికి కావాల్సిన రంగునూలు కండెలకు చుడుతూ పొద్దంతా రాట్నం తిప్పేది. మా వాకిట్లో ఆ గుయ్యిమనే చప్పుడు ఎప్పుడూ ఉండేది, ఆగితే తప్ప వినిపించేది కాదు. ఉగాదికి అండాలత్త పోలెలు, మామ్మ బొబ్బట్లు ఒకరికొకరు పంపుకుని, తినేసి, మావే మెత్తగా ఉన్నాయని ఎవరికి వారు నాతో రహస్యంగా చెప్పేవారు. సద్దుల బతుకమ్మనాడు మలీద ముద్దలు అటునుంచి వస్తే అట్లతద్దికి అట్లు ఇటునుంచి వెళ్ళేవి. మధ్యలో మోసేదాన్ని నేను కాబట్టి రెండువైపులా సుంకం వసూలయ్యేది.

రెండో ఏడు వేసవి మొదట్లో, నా ఎత్తుకు ఎదిగిన సపోటా ఆకులు వాల్చేసింది. మామ్మ నడుం బిగించింది. ఆవిడ పుట్టిపెరిగిన చోట చేత్తో గోకితే నీళ్ళు ఊరతాయి, అక్కడివాళ్ళకు చెట్టు కాళ్ళు నీళ్ళలో నానకుండా చూడడమే పని. కొబ్బరికైనా అరటికైనా మొదలుకు మట్టి ఎగదోస్తారు. మామ్మ కూడా బండెడు ఎర్రమట్టి తెప్పించి, మాను చుట్టూ మోకాలెత్తు గుట్ట పోసి, గుండ్రంగా చరిచి, పేడనీళ్ళతో నున్నగా అలికింది. గుట్ట చుట్టూ ఇటుకలను మూల పైకి వచ్చేలా ఏటవాలుగా పాతి, ఒకదానికి తెల్ల సున్నం, ఒకదానికి ఎర్ర జాజు పూసింది. శుక్రవారం శుక్రవారం దానిమీద ముగ్గు కూడా. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉండేదంటే, దారినపోయే ఒకావిడ అమ్మవారనుకుని చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని, ఇంత కుంకుమ, ఒక బంతిపువ్వు పెట్టి పోయింది. మామ్మ అది పొరపాటని ఆవిడకు చెప్పలేదు.

ముచ్చట మాట ఎలా ఉన్నా, పోసిన బిందెడు నీళ్ళూ ఆ నున్నటి గుట్ట మీంచి జారి గేటు బయటికి పోయేవి. పైనంతా తడి, లోపల మొక్కకు గుక్కెడు లేదు. అండాలత్తకు ఒళ్ళు మండిపోయేది. వాళ్ళ ఊళ్ళో నీళ్ళంటే దేవుడే, పడ్డ చుక్కను పడ్డచోటే ఆపాలి, చెట్టు చుట్టూ మూకుడులా గుంత తీయాలి. "గిట్ల గుట్ట వోస్తె నీళ్ళెట్ల దిగుతయి పెద్దమ్మా? గుంత తియ్యాలె గని" అంది. "గోతులు శవాలకి తీస్తారమ్మాయ్, చెట్లకి కాదు" అంది మామ్మ.

ఒక మంగళవారం మామ్మ, అమ్మ కలిసి కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి వెళ్ళారు. వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో అండాలత్త చీర కుచ్చెళ్ళు ఎగదోపి గడ్డపార అందుకుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి గుట్ట లేదు. దాని స్థానంలో లోతైన గుంత, గుంత నిండా నీళ్ళు, ఇటుకలన్నీ గోడవారగా దొంతర పెట్టి ఉన్నాయి. మామ్మ అరవలేదు. ప్రసాదం కాబట్టి ఎవరికీ లేదనకూడదని అందరితోపాటు అండాలత్త చేతిలోనూ ఇంత పెట్టి, మొహం అటు తిప్పుకుంది. ఆ తిప్పుకున్న మొహం నెలల తరబడి ఇటు తిరగలేదు. "మీ అండాలత్తతో చెప్పవే, బట్టలు తీగ మీద అడ్డంగా ఆరేయొద్దని." "మీ మామ్మతోని చెప్పు బిడ్డా, నాకు గా తీగ అక్కర్నే లేదని." ఇద్దరి మాటలూ నేనే మోసేదాన్ని, మోసే దారిలో కాస్త చక్కెర కలిపేదాన్ని. గిన్నెలు అటూ ఇటూ పోవడం ఆగిపోయి నా సుంకం మాత్రం పూర్తిగా పోయింది.

వేసవంతా గుంతే గెలిచింది. చెట్టు తేరుకుని కొత్త ఆకులు వేసింది. అదంతా తన ఎర్రమట్టి బలమని మామ్మ అనేది. తర్వాత వానలొచ్చాయి. ఎగువ ప్లాట్లలో పడ్డ నీళ్ళన్నీ మా వాకిట్లోంచే మీర్‌పేట్ వైపు దిగాలి, దిగుతూ దిగుతూ ఆ గుంతలో మకాం పెట్టాయి. చెట్టు వారాల తరబడి పీకల్లోతు నీళ్ళలో నిలబడి ఆకులు పండుబార్చింది. ఇక మామ్మను ఎవరాపుతారు? వానలోనే, నేను చిరిగిన గొడుగు పట్టుకుని నిలబడితే, ఆ బురదంతా ఎత్తి మళ్ళీ మాను చుట్టూ ఇదివరకటికంటే ఎత్తుగా దట్టించింది. వానలు తెరిపిచ్చాక కొంచెం మట్టి తొలగించి చూస్తే మాను మొదట్లో బెరడు నల్లబడి, నానిన అట్టలా మెత్తగా ఉంది. గోరు పెడితే దిగింది. మామ్మ ఆ గోరు వంక కాసేపు చూసుకుని, కాళ్ళు కడుక్కుని లోపలికెళ్ళి, మంచం కింద నుంచి ట్రంకుపెట్టె లాగింది.

ఆ చప్పుడు నాకిప్పటికీ నచ్చదు. మామ్మ చీరలు ఒక్కొక్కటీ మడత విప్పి మళ్ళీ మడత పెట్టి, మధ్యలో ఎండు వేపాకు వేసి సర్దుతోంది. "నిన్నెవరు పొమ్మన్నారమ్మా? చెట్టు పోతే ఇంకోటి పెడదాం" అన్నాడు నాన్న. "మాటన్నాక మాటేరా" అంది మామ్మ, తలెత్తకుండా. అమ్మ గుమ్మంలో నిలబడి నేలచూపులు చూస్తోంది. వాళ్ళిద్దరూ ఎందుకు గట్టిగా అడ్డుపడరో నాకర్థం కాలేదు, వాళ్ళ మీద పట్టరాని కోపం వచ్చింది. నేనెళ్ళి పెట్టె మూత వేసేసి, దానిమీద కూర్చుని, దిగనని ఏడ్చాను. మామ్మ నన్ను దించలేదు, దగ్గరికీ తీసుకోలేదు, చేతిలోని చీర అలా పట్టుకునే ఉంది.

అప్పుడు వాకిట్లో రాట్నం ఆగింది. కిటికీలోంచి అండాలత్త మమ్మల్ని చూసింది కాబోలు, విసవిసా చెట్టు దగ్గరికెళ్ళి రెండు చేతులతో ఆ బురదగుట్టను పెళ్ళగించడం మొదలుపెట్టింది. మామ్మ బయటికి ఉరికింది. "మళ్ళీ మొదలెట్టావూ? నీ గుంటలోనే కదే అది కుళ్ళింది!"

అండాలత్త చేతులు ఆపలేదు. "నా గుంతల సగం, నీ గుట్టల సగం. ఇగ పట్టు పెద్దమ్మా" అంది.

మామ్మ కొంగు దోపుకుని పక్కన కూర్చుంది. ఇద్దరూ కలిసి మాను మొదలు పూర్తిగా బయటపెట్టారు. కుళ్ళిన బెరడును కొబ్బరిచిప్ప అంచుతో గీకేసి, పసుపూ కట్టెలబూడిదా కలిపి మెత్తారు. మాను మొదలు తడవకూడదని మామ్మ పట్టు, వేరుకు నీళ్ళందాలని అండాలత్త పట్టు. ఎవరూ దిగిరాలేదు, కాబట్టి రెండూ చేశారు. మాను చుట్టూ నేలను బోర్లించిన పళ్ళెంలా కొద్దిగా మాత్రమే పైకి ఉంచి, కొమ్మల నీడ పడే మేరకు చుట్టూరా కాలువలాగా పాదు తీశారు. దానికి అంచుగా మళ్ళీ ఏటవాలు ఇటుకలు. పల్లం వైపు ఒక ఇటుకను పాతకుండా వదిలి, వానలకు తీసేయాలి, ఎండలకు పెట్టేయాలి అని నిర్ణయించారు. ఆపైన నేల కనపడకుండా మా వంటింటి వేరుశనగ పొట్టు, రాలిన ఆకులు, రాట్నం కింద పోగైన తెగిన నూలుపోగులు పరిచారు. నేను ఉత్సాహంగా మాను దాకా పరచబోతే అండాలత్త నా చెయ్యి పట్టుకుంది. "జానెడు ఇడిసిపెట్టు బిడ్డా. చెట్టుకు మెడ కనవడాలె." మొదటిసారి నీళ్ళు పోసినప్పుడు పోగుల రంగు దిగి కాలువంతా ఎర్రగా పారింది. పిల్లలమంతా అందులో ఆకుపడవలు వదిలాం, వీధికుక్క ఒకటి దిగి గులాబీ రంగు కాళ్ళతో కాలనీ అంతా తిరిగింది.

చలికాలమంతా చెట్టు ఉలకలేదు, పలకలేదు. పెట్టె సర్దింది సర్దినట్టే గోడవారగా ఉంది. పొద్దున్నే పాలకు వెళ్తూ అమ్మ, స్కూటర్ తీస్తూ నాన్న, పూలు కోస్తూ మామ్మ, అందరూ చెట్టు వంక చూస్తూనే చూడనట్టు నటించేవారు. నేను కర్మన్‌ఘాట్ స్వామికి మొక్కని మొక్కు లేదు. ఎండలు ముదిరే ముందు ఒకనాటి పొద్దున వాకిట్లోంచి కేక వినపడింది. "పెద్దమ్మా, ఇగురు!" చివరి కొమ్మకు వడ్లగింజంత లేతపచ్చ. మామ్మ కళ్ళజోడు పెట్టుకొచ్చి, వంగి, దాన్ని తాకీ తాకనట్టు తాకి, "ఊఁ, మట్టి మంచిదే" అంది. అండాలత్త ఆ మాటకు ఎదురు చెప్పలేదు. మామ్మ లోపలికొచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు, "ఆ పెట్టెలో నా నీలంచీర ఉండాలి, తియ్యవే" అంది నాతో. నేను ఒక్క నీలంచీరే తీయలేదు, అడుగున పరిచిన కాగితంతో సహా పెట్టె మొత్తం ఖాళీ చేసేశాను. ఆ పూట అన్నం ఎన్నిసార్లు పెట్టించుకున్నానో కూడా గుర్తులేదు.

ఆ తర్వాత కాయలు కాసింది. బియ్యం డబ్బాలో మాగేసిన మొదటి పండు రెండు ఇళ్ళ పళ్ళేలకూ వెళ్ళింది. ఏటా తొలకరికి ముందు పాదు సర్దడం మాకొక పండగయింది. మట్టి ఎంత ఎత్తు ఉండాలన్నది ఆ ఇద్దరికీ ఎప్పటికీ తెగలేదు.

మామ్మ చాలా ఏళ్ళ తర్వాత అదే ఇంట్లో, తన మంచం మీదే పోయింది. ఇంకొన్నాళ్ళకు ఇల్లు అపార్ట్‌మెంటయింది, చెట్టూ పోయింది. ఇప్పుడా కాలనీలో కాలికి మట్టి అంటదు, వాకిలంతా పార్కింగ్ టైల్సే, ఎక్కడైనా చెట్టును దయతలచి ఉంచినా దాని చుట్టూ పళ్ళెమంత చోటు వదిలి మెడదాకా సిమెంటు బిగిస్తున్నారు. రాట్నం చప్పుడు వినక ఎన్నాళ్ళయిందో. చెట్టు పోయినందుకు నాకు బాధ లేకపోలేదు గాని, చేయాల్సిన పని చేసి పోయిందనుకుంటాను.

అండాలత్త మూసారాంబాగ్‌లో కొడుకు దగ్గరుంటోంది. మొన్న చూసి రావడానికి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు అయ్యాక మాట చెట్టు మీదికి మళ్ళింది. "మామ్మ నిజంగానే కాకినాడ వెళ్ళిపోతుందని ఎంత హడలిపోయానో అత్తా" అన్నాను నవ్వుతూ.

అండాలత్త నవ్వలేదు. "ఏడికి పోతుండె బిడ్డా? మీ పెద్దనాయిన ఒక్కపారన్న రమ్మన్నడా? ఇల్లు ఇరుకు, రావద్దని ముందుగాలనే చెప్పిండట. చెట్టు వెట్టిన్నాడే నా రాట్నం కాడ కూసోని చెప్పుకోని ఏడ్చింది. పంతానికి నలుగుట్ల మాటైతే అనేసింది. గా చెట్టు సస్తే, పెట్టె వట్టుకోని ఎవరి గడప తొక్కాలె ఆమె? గందుకే ఆమె గుడికి పోయిన్నాడు గడ్డపార వట్టిన."

అమ్మ నేలచూపులు, నాన్న గట్టిగా అడ్డుపడకపోవడం, మామ్మ చేతిలో ఆగిపోయిన చీర, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ఆవిడకు పోయే చోటే లేదని ఆ ఇంట్లో తెలియనిది నాకొక్కదానికే. ఇన్నేళ్ళు గడిచాక, మామ్మే లేని రోజుల్లో, ఆ చెట్టు చచ్చి ఉంటే ఏమయ్యేదోనని నాకు కొత్తగా భయం వేసింది, ఆ వెంటనే భయం తీరింది కూడా. అండాలత్త చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. మామ్మ కడదాకా మా గడప దాటలేదు, ఎందుకు దాటలేదో ఎవరికీ చెప్పుకోవాల్సిన అవసరం ఆవిడకు రాలేదు.