మగ్గం పక్కన పదో తరగతి

నా స్నేహితురాలు పదో తరగతి తప్పి ఉంటే ఆ తప్పు నాదే అయ్యేది. ఈ మాట ఇప్పటికి చాలామందితో అన్నాను, ఒక్కరూ నమ్మరు. "నువ్వు సాయం చేసినావు కదమ్మా" అంటారు. సాయమే చేశాను. ఆ సాయమే దాని కొంప ముంచబోయింది.

మాది చెన్నేకొత్తపల్లి దగ్గర చిన్న పల్లె. నాయన గొర్రెలు మేపుతాడు. మా పల్లెలో బడి ఐదో తరగతి వరకే, అందుకని నన్ను ధర్మవరంలో మా అవ్వ ఇంట్లో పెట్టారు. అవ్వ ఇంటికి నాలుగు గడపల అవతల నా స్నేహితురాలి ఇల్లు. ముందు గదిలో సగం మగ్గమే. నేలలో గుంట తీసి, అందులోకి కాళ్లు దించుకుని కూర్చుని నేసే పట్టు మగ్గం. చీర ఒక రంగు, అంచు ఒక రంగు ఉండాలంటే ఆ మగ్గం మీద ఒక్కరు చాలరు. అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే పెద్ద నాడె వాళ్ల నాయన వేస్తే, అంచు నాడె పక్కన కూర్చున్న మనిషి వేయాలి. పెళ్లయిన నాటి నుంచి ఆ పక్క సీటు వాళ్లమ్మది.

మేం పదిలో ఉన్నప్పుడు దసరా సెలవుల్లో వాళ్లమ్మ మిద్దె మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా వేళ్లు సరిగ్గా ముడుచుకోలేదు. నాడె పట్టుకుంటే జారిపోయేది. ఇంకేముంది, అమ్మ సీట్లో కూతురు కూర్చుంది. బడి నుంచి వచ్చి సంచి గోడకు తగిలించి నేరుగా గుంటలోకి దిగేది. ఆదివారమైతే పొద్దున్నుంచీ అక్కడే.

వాళ్ల నాయన చెడ్డవాడని అనుకోవద్దు. కూతురితో ఆయన మాట ఒకటే.

"ఒక్కసారికే అన్నీ పాసయినావంటే హిందూపురంలో పాలిటెక్నిక్‌కు పంపిస్తా. తప్పినావంటే ఈడే, నా పక్కనే. సప్లిమెంటరీ గిప్లిమెంటరీ అని నాకు చెప్పొద్దు."

ఆ వీధిలో సప్లిమెంటరీ రాస్తామని మగ్గం దగ్గర కూర్చున్నవాళ్లు ఎవరూ మళ్లీ లేవలేదు. ఆయన అది కళ్లారా చూశాడు. లేనిపోని ఆశలు పెట్టడం ఆయనకు చేతకాదు.

దానికి లెక్కలంటే ప్రాణం. నాకు లెక్కలంటే జ్వరం. నాకు చదవడం బాగా వచ్చు, గొంతు కూడా పెద్దది. కాబట్టి ఒప్పందం సులువుగా కుదిరిపోయింది. నేను సాయంత్రం పుస్తకాలు తీసుకుని వెళ్లి గుంట గట్టు మీద కూర్చునేదాన్ని. మగ్గం చప్పుడు మించి వినిపించేలా పాఠం గట్టిగా చదివేదాన్ని. అది నేస్తూ తిరిగి అప్పజెప్పేది. లెక్కల వంతు వచ్చినప్పుడు నేను ప్రశ్న చదివితే అది తల ఎత్తకుండానే ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో చెప్పేది, నేను రాసుకునేదాన్ని.

"ఎక్స్ అటు పక్కకు తీసుకోనిపోమ్మే. గుర్తు మార్చు. మార్చినావా? మార్చకుండానే మార్చినా అంటాండావు, నాకు తెలుసు."

నిజంగానే మార్చి ఉండేదాన్ని కాను. అట్లా తిట్టించుకుంటూనే నేను లెక్కల్లో ఒడ్డున పడ్డాను.

తమాషా ఏమిటంటే, మధ్యలో వాళ్ల నాయన కూడా చదువుకున్నాడు. ఐదో తరగతిలో బడి మానేసిన మనిషి. పక్కనే కూర్చుని రోజూ వింటాడు కదా, మూడు నెలల్లో సోషల్ సగం నోటికి వచ్చేసింది. ఒకరోజు నేలల రకాలు చదువుతుంటే మగ్గం ఆపేశాడు.

"ఏం పాపా, నల్లరేగడికి అంత ఉండాది, మన ఎర్రనేలకు రెండు లైన్లేనా? ఎవురబ్బా ఈ పుస్తకం రాసింది?"

"నాకేం తెలుసు మామా, రాసినోళ్లను అడుగు."

"అడగాల్సిందే" అని మళ్లీ నాడె విసిరాడు. వాళ్లమ్మ వంటగదిలో నుంచి నవ్వింది. ఆ ఇంట్లో ఆ సాయంత్రాలు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. నేను లేకపోతే ఇక్కడ ఏదీ జరగదన్నంత గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

ఆ గర్వంతోనే ఇంకో పని నెత్తికెత్తుకున్నాను. బడిలో ప్రతి సబ్జెక్టుకూ నోట్సు చూపించాలి. దానికి రాయడానికి టైము ఎక్కడిది? "ఇటియ్యి, నేను రాస్తా" అన్నాను. నావి రాసుకున్నాక దానివీ రాసేదాన్ని. నా అక్షరాలు కుడికి వాలుతాయి, దానివి నిటారుగా నిలబడతాయి. వారం రోజుల్లో దాని రాత నాకు అచ్చుగుద్దినట్లు వచ్చేసింది. ఒకసారి సోషల్ సారు దాని నోట్సు ఎత్తి పట్టుకుని, "చూడండి, మగ్గం నేస్తా కూడా ఎంత నీటుగా రాసిందో" అని క్లాసంతటికీ చూపించాడు. నేను బెంచీ కింద దాని కాలు తొక్కి నవ్వు ఆపుకున్నాను. అది నవ్వలేదు. తల దించుకుంది. సిగ్గుపడిందేమో అనుకున్నాను. మట్టి బుర్ర నాది.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పరీక్షలు పెట్టారు. లెక్కల్లో దానికి మంచి మార్కులే వచ్చాయి, అంకెలు కాబట్టి. మిగతా వాటిలో పోయింది. సోషల్లో మరీ ఘోరం. పేపరులో సగం పైగా తెల్లగా ఉంది. సారు ఇద్దరినీ స్టాఫు రూముకు పిలిచాడు. ఆ తెల్ల పేజీలు తిప్పుతూ ఒక ప్రశ్న అడిగాడు. అది గడగడా చెప్పింది. ఇంకొకటి అడిగాడు. అదీ చెప్పింది. మూడోదానికి పుస్తకంలో ఉన్న మాట ఒక్కటి కూడా పోకుండా చెప్పింది.

"ఇంత వస్తాంటే పేపర్లో ఎందుకు రాయలేదమ్మా?"

"చెయ్యి పోలేదు సార్. రెండు పేజీలకే వేళ్లు పట్టేసినాయి. నోట్లో ఉండేది పేపరు మీదికి రాలేదు. బెల్లు కొట్టేసినారు."

సారు దాని నోట్సు, దాని పేపరు పక్కపక్కన పెట్టి చూశాడు. పేపరు మీద అక్షరాలు మూడో తరగతి పిల్ల రాసినట్లు వంకరగా, పెద్దగా ఉన్నాయి. నోట్సు ముత్యాల్లా ఉంది. ఆయన దాన్ని అడగలేదు. నా వైపు చూశాడు.

"దసరా నుంచి ఈ పిల్ల చేత్తో ఎన్ని పేజీలు రాసింటుందమ్మా?"

లెక్కపెట్టడానికి ప్రయత్నించాను. హాజరు వేసేటప్పుడు పలకడం తప్ప అది బడిలో చేసిందేమీ లేదనిపించింది. నేను దాని చెవులకు చదువు చెప్పాను. దాని చేతిని మాత్రం నేనే దాచిపెట్టుకున్నాను. పరీక్ష రాసేది చెయ్యి. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు, దానికి చెప్పాలనిపించలేదు, మగ్గం దగ్గర కూర్చుని వినే ఆయనకు తెలిసే వీలే లేదు.

బయటికి వచ్చాక అది, "తప్పితే తప్పుతానులే, నువ్వేం చేస్తావు" అంది. నాకు తిక్క రేగింది. "నోరు ముయ్యి. తప్పేది లేదు, గిప్పేది లేదు" అని దాని చెయ్యి పట్టుకుని ఇంటిదాకా లాక్కుపోయాను. పబ్లిక్ పరీక్షలకు ఇంకా నెల పైన ఉంది.

వాళ్ల నాయన నమ్మలేదు.

"దానికి రాకపోవడమేంది? రోజూ నా పక్కనే చెప్తాండాది కదా. కావాలంటే నన్నడుగు, నేనే చెప్తా. నాకే వచ్చినప్పుడు దానికి రాకుండా యాడికి పోతుంది?"

"నువ్వు చెప్తావు మామా. రాయి చూద్దాం."

పెన్ను ఆయన ముందు పెట్టాను. అంత మొండిగా ఎట్లా పెట్టానో ఇప్పటికీ తెలియదు. ఆయన పెన్ను వైపు చూశాడు, ముట్టుకోలేదు. అప్పుడు దాని నోట్సులన్నీ సంచిలో నుంచి తీసి ఆయన ఒడిలో పడేశాను.

"ఇవన్నీ నేను రాసినవి. ఒక్క పేజీ దానిది కాదు. మీ బిడ్డ బళ్లో పెన్ను పట్టి నాలుగు నెలలాయె. తప్పు నాది. తిట్టేటట్లుంటే నన్ను తిట్టు. కానీ ఈ పొద్దు నుంచి అది రాయాల, అంతే."

వాళ్లమ్మ వంటగది గడపలో నిలబడి వింటోంది. ఆయన నోట్సులు ఒక్కొక్కటే తెరిచి చూసి పక్కన పెట్టాడు.

"అది లేచిందంటే మగ్గం నిలిచిపోతాది పాపా. అంచు నాడె ఎవురేస్తారు?"

"నేనేస్తా."

ఆయనకు నవ్వొచ్చింది. "ఇది పట్టు తల్లీ, గోనెసంచి కాదు" అన్నాడు. కానీ కూతురి వైపు తిరిగి, "లెయ్యి" అన్నాడు. అది గుంటలోంచి లేచింది. నేను దిగాను.

మొదటి రోజు నేను చేసిన ఘనకార్యం చెప్పుకుంటే సిగ్గు. నాడె ఎప్పుడు వేయాలో తెలియక ముందే వేశాను, ఆయన గుంటలో పలక తొక్కాక వేయాల్సింది. అంచు ఒక చోట వదులు, ఒక చోట బిగువు. నేసినదాంట్లో ఎంతో భాగం ఆయన ఓపికగా విప్పాల్సి వచ్చింది. ఓపికగా అన్నాను కానీ, నోటితో మాత్రం ఊరుకోలేదు. "కళ్లు యాడ పెట్టినావు? నీ గొర్రెలు గాదు ఇవి తోలడానికి." నేనూ ఊరుకోలేదు. "నేర్పిస్తే వస్తాది, తిడితే రాదు" అన్నాను. మగ్గం మీద రోజుకు జానెడు దిగే చీర బెత్తెడు దిగింది. ఆ నెలంతా అంతే. ఆయన అది చూసుకుంటూ కూడా ఒక్క రోజు "చాల్లే, దాన్ని కూర్చోమను" అనలేదు. అందుకే ఆయనను ఎవరైనా ఒక మాట అంటే నాకు పడదు.

నేను కూర్చునే గట్టు మీద ఇప్పుడు అది. ఒళ్లో అట్ట, అట్ట మీద కాగితాలు, ఎదురుగా గోడ గడియారం. గుంటలో నుంచి నేను ప్రశ్న చెప్తే అది రాసేది. రాసిన తర్వాత గట్టిగా చదివేది. ఏదైనా వదిలేస్తే నాకంటే ముందు వాళ్ల నాయనే పట్టుకునేవాడు. "మూడో పాయింటు యాడ పోయింది? అడవులు నరకడం రాయలేదు నువ్వు." అది పళ్లు కొరుక్కుంటూ మళ్లీ రాసేది. మొదట పేజీకి ఇరవై నిమిషాలు. చెమటకు కాగితం తడిసేది. చూపుడు వేలి పక్కన కమిలిపోయి నల్లగా అయింది. వాళ్లమ్మ ఎడమచేత్తో దాని వేళ్లు ఒక్కొక్కటే వేడినీళ్ల గుడ్డతో ఒత్తేది. ఆమె కుడిచెయ్యి ఒళ్లో ఊరికే పడి ఉండేది.

ఆదివారాలు పొద్దున మూడు గంటలు అసలు పరీక్షలాగే పెట్టాము. మధ్యలో నీళ్లకు కూడా లేవకూడదు. రెండో ఆదివారం రెండు గంటలకే పెన్ను విసిరికొట్టింది.

"నా వల్ల కాదు. చెయ్యి నాది, నొప్పి నాది. నువ్వు ఊరికే నాడె వేస్తాండావు."

"ఊరికేనా? వచ్చి నా నడుము చూడు."

నిజంగా నా నడుము విరిగిపోతోంది. అది నాలుగు నెలలు ఆ గుంటలో ఎట్లా కూర్చుందో అప్పుడు తెలిసింది. ఇద్దరం ఒకరినొకరు కోపంగా చూసుకున్నాం. వాళ్ల నాయన వంగి, పడిపోయిన పెన్ను తీసి, చొక్కాకు తుడిచి కూతురి చేతిలో పెట్టాడు. అది ముక్కు చీది మళ్లీ మొదలుపెట్టింది. నాలుగో ఆదివారానికి పేజీ ఏడు నిమిషాలకు దిగింది.

పబ్లిక్ పరీక్షల్లో సోషల్ ఆఖరుది. నాకు ఒక గది, దానికి ఇంకో గది. నేను రాసి బయటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలందరూ వచ్చారు, అది రాలేదు. అందరికంటే ఆఖరున వచ్చింది. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని, మొహమంతా చెమట.

"ఏమాయె?"

"ఇచ్చిన బుక్లెట్టు నిండిపోయింది. ఇంకోటి అడిగి తీసుకున్నా" అంది.

రోడ్డు మీదే దాన్ని ఎత్తుకుని తిప్పాను. పడేయబోయాను కూడా.

అన్నీ పాసయింది. పాలిటెక్నిక్ ఎంట్రన్సు కూడా గట్టెక్కింది. నేను లెక్కలతో సహా పాసయ్యాను, మా అవ్వ వీధంతా చక్కెర పంచింది. కాలేజీలో చేర్చడానికి వాళ్ల నాయన మగ్గం ఆపి బయలుదేరాడు, నన్నూ రమ్మన్నాడు. పొద్దున పాసింజరు బండి. పెనుకొండ కొండ కనిపించే సరికి ఆయన ఎదురు సీట్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అది కిటికీ వైపే చూస్తూ నెమ్మదిగా అంది.

"ఒకటి చెప్తా, కోపం చేసుకోవద్దు. నా నోట్సు నువ్వు రాస్తాంటే నాకు ఎట్లుండేదో తెలుసా?"

"ఎట్లుండేది?"

"నేను బడి మానేసినట్లు ఉండేది. నా పేరు పెట్టుకుని నువ్వే బడికి పోతాండావు, నేను మగ్గం మీద కూర్చున్నా. ఇంక నా పని అంతే అనుకునేదాన్ని."

"ఆ మాట అప్పుడే చెప్పాల కదమ్మే?"

"చెప్తే నువ్వు మా ఇంటికి రావేమో అని భయం."

నాకు ఏడుపు ఆగలేదు. అది నా చెయ్యి పట్టుకుంది. వేలి పక్కన కాయ కాచి గట్టిగా తగిలింది. హిందూపురం దాకా ఆ చెయ్యి వదల్లేదు. కాలేజీలో గుమాస్తా నాలుగు పేజీల దరఖాస్తు దాని చేతికిచ్చాడు. వాళ్ల నాయన అలవాటు కొద్దీ నా వైపు చూశాడు. నేను ఆయనను పిలుచుకుని బయటికి వచ్చేశాను. ముప్పావుగంట పట్టింది దానికి. అంతసేపూ ఇద్దరం వరండాలో నిలబడే ఉన్నాం, ఎవరమూ లోపలికి తొంగిచూడలేదు.