ముట్టుకోనని ఒట్టేసిన కెప్టెన్

మా సెయింట్ కిలియన్ రేవులో మిషిగన్ సరస్సు మీదికి జనాన్ని సాల్మన్ చేపల వేటకి తీసుకెళ్ళే కెప్టెన్లు డజనుకు పైగా ఉన్నారు. అందరూ మంచివాళ్ళే, ఒడ్డున ఉన్నంతసేపు. వాళ్ళలో మైలో యెరాబెక్‌ది ఒక ప్రత్యేకత. డబ్బిచ్చి పడవెక్కిన మనిషి గాలానికి చేప పడితే, ఆ మనిషి చేతిలోంచి గాలపుకర్ర లాక్కుంటాడు.

దురుద్దేశం ఏమీ లేదు. ఇంకొకరు చేపను పోగొట్టుకుంటుంటే చూస్తూ నిలబడలేడు, అంతే. "కర్ర పైకెత్తు, పైకెత్తు" అని రెండుసార్లు చెబుతాడు. మూడోసారి చెప్పాల్సిన అవసరం రాదు, అప్పటికి కర్ర ఆయన చేతిలో ఉంటుంది. చేప పడవలో పడ్డాక దాన్ని వచ్చినవాళ్ళ చేతుల్లో పెట్టి, నవ్వమని చెప్పి ఫొటో తీస్తాడు. మిల్వాకీలో, రాక్‌ఫర్డ్‌లో ఎన్నో ఇళ్ళ గోడల మీద అలాంటి ఫొటోలున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు వచ్చినవాళ్ళకి చెప్పే కథల్లో మైలో ఉండడు.

ఒడ్డున కూడా ఆయన చేతులు ఊరుకోవు. చర్చి పిక్నిక్‌లో పెద్ద కాగులో బూయా అనే కోడి పులుసు ఉడుకుతుంటే, నోర్బ్ డెల్ఫాస్ తెడ్డు సరిగ్గా తిప్పడం లేదని లాక్కున్నాడు. నోర్బ్ కూడా కెప్టెనే. మైలోకి బడిలో ఒకే బెంచీ నేస్తం, రేవులో ఒకే గట్టు శత్రువు. పూజలో కానుకల పళ్ళెం పట్టుకుని మెల్లగా నడుస్తున్న ముసలాయన దగ్గర్నుంచి పళ్ళెం లాక్కున్న రోజున మాత్రం ఫాదర్ ప్రార్థన ఆపి మరీ చూశాడు.

ఇదంతా ఊరికి నవ్వులాటే. కాని ఆగస్టులో జరిగే ఊరి చేపల పోటీలో నవ్వులాట కాదు. శని, ఆదివారాల్లో అందరికంటే పెద్ద కింగ్ సాల్మన్ తెచ్చిన పడవ పేరు, రేవు బారులో చెక్కపలక మీద కాల్చి రాస్తారు. పోటీకి ఒకటే నిబంధన. కర్ర ఒకసారి కస్టమర్ చేతికి వచ్చాక, చేప పడవలోకి వచ్చేదాకా ఇంకొకరు దాన్ని ముట్టుకోకూడదు. తక్కెడ దగ్గర జెనెవీవ్ లెక్లూ కూర్చుంటుంది. పోస్టాఫీసులో ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చేపను తూచి, పట్టినవాళ్ళ మొహంలోకి చూసి, "ఇంకెవరైనా ముట్టుకున్నారా?" అని అడుగుతుంది. "లేదండీ" అంటారు. రాసుకుంటుంది. మా ఊరు దైవభక్తి గల ఊరు. పోటీ అయిన మరుసటి శనివారం పాపం ఒప్పుకోవడానికి వచ్చేవాళ్ళ వరస చర్చి మెట్ల దాకా ఉంటుంది.

కిందటేడు మైలో పడవ తెచ్చిన చేపే అన్నిటికంటే పెద్దది. దాన్ని పట్టినవాడు అయోవా నుంచి వచ్చిన, పందులు పెంచే ఒక రైతు, కల్లాకపటం తెలియనివాడు. జెనెవీవ్ అడగ్గానే, "ముట్టుకోవడమేంటమ్మా, అంతా కెప్టెనే చేశాడు. నేను బీరు తాగుతూ కూర్చున్నా" అన్నాడు సంతోషంగా. ఆ చేపను తక్కెడ మీంచి తీసేశారు. పలక మీదికి నోర్బ్ పడవ పేరెక్కింది. ఆ ఏడాదంతా మైలోని చూసినవాడల్లా చేతులు వెనక్కి కట్టుకుని నడిచి చూపించాడు. అందుకని ఈ ఏడు పోటీ గెలవడం తప్ప మైలోకి వేరే ఆలోచన లేదు.

ఈసారి ఆయన పడవెక్కింది రాక్‌ఫర్డ్ పళ్ళ డాక్టరు రస్సెల్ ప్రిచెట్, ఆయన బావమరిది వెండెల్. పడవలో సాయానికి ఎప్పటిలాగే మైలో భార్య కొరీన్.

శనివారం మూడు చేపలు పడ్డాయి. రెండు ట్రౌట్లు, ఒక చిన్న సాల్మన్. మూడూ మైలో చేతిమీదుగానే వచ్చాయి.

"ఇవి పోటీకి పనికొచ్చేవి కావులెండి" అన్నాడు మైలో.

"పోటీ సంగతి సరే కెప్టెన్, నేను పట్టొద్దా?" అన్నాడు డాక్టరు. "పొద్దుట్నుంచీ నా చేతిలో ఉన్నది ఈ సాండ్‌విచ్ ఒక్కటే."

"పోనీలే బావా, సాండ్‌విచ్ బాగుంది" అన్నాడు వెండెల్.

ఆదివారం తెల్లవారుతుండగా కొరీన్ పడవ తాళ్ళు విప్పకుండా గట్టు మీదే నిలబడింది. "ఒట్టెయ్యి మైలో. లేకపోతే నేను ఇంటికిపోయి పడుకుంటా."

"ముట్టుకోను."

"నా మీద కాదు. నీ పడవ మీద ఒట్టెయ్యి."

మైలో పడవ మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. డాక్టరు తృప్తి పడలేదు. "నేను అడిగినా ముట్టుకోకూడదు. కాళ్ళు పట్టుకున్నా సరే. అలా చెప్పు." మైలో అలాగే చెప్పాడు.

ఎండ ఎక్కేసరికి తీరం సన్నటి గీతలా మిగిలింది. బరువైన గుండ్లు కట్టిన తీగలు ఎర రేకుల్ని లోతుకి లాక్కుపోయాయి. పడవ నత్తలా నడుస్తోంది. కాస్త దూరంలో నోర్బ్ పడవ కూడా అలాగే నడుస్తోంది. నోర్బ్‌కి అప్పటికే ఒక పెద్ద చేప దొరికిందని రేడియోలో రేవంతా విన్నది. చెప్పింది నోర్బే.

ఉన్నట్టుండి అన్నిటికంటే లోతుకి దిగిన గాలం కర్ర ఒక్కసారి ఎగిరి, విల్లులా వంగిపోయింది. కొరీన్ దాన్ని నిలబెట్టిన గొట్టంలోంచి పీకి డాక్టరు చేతిలో పెట్టింది. రీలు కీచుమంటూ తిరిగింది.

"కర్ర పైకెత్తు!" అన్నాడు మైలో. "పైకెత్తు!" అన్నాడు. అని, రెండు చేతుల్నీ ఛాతీ దాకా వచ్చే తన రబ్బరు ప్యాంటులోకి మణికట్టు దాకా దోపుకున్నాడు.

రేడియో గరగరలాడింది. "ఒరేయ్ మైలో, బైనాక్యులర్స్‌లోంచి చూస్తున్నా. చేతులు ఎక్కడ్రా?"

"ఇక్కడే ఉన్నాయి, చూస్కో!" అని మైలో అరిచాడు. రేడియో బటన్ నొక్కడానికి చెయ్యి బయటికి తియ్యాలి కాబట్టి ఆ మాట నోర్బ్‌కి వినపడలేదు.

మొదట డాక్టరు ఈల వేశాడు. తరవాత పళ్ళు కొరికాడు. చేప లాగినప్పుడల్లా ఆయన ఒక అడుగు ముందుకి వెళ్ళాడు. ఎదుటివాడు నోరు తెరుచుకుని కూర్చుంటే పని చేసిన చేతులు అవి, ఇలా ఎదురు తిరిగే రోగిని ఎప్పుడూ చూడలేదు. చివరికి పడవ వెనక నీళ్ళు పగిలి, చేప వెండి ఒళ్ళు తళుక్కుమని తిరగబడింది. కొరీన్ వల పట్టుకుని అంచు దగ్గరికి వచ్చింది. అంత చేప ఆ ఏడు ఎవరూ చూడలేదు.

చేప మళ్ళీ కిందికి దిగింది.

"కెప్టెన్, ఇక నావల్ల కాదు. తీసుకో" అన్నాడు డాక్టరు.

"తీసుకోను."

"చేతులు పడిపోతున్నాయయ్యా బాబూ!"

"పొద్దున నువ్వేగా చెప్పింది, అడిగినా ముట్టుకోవద్దని."

"అప్పుడు నాకు చేతులున్నాయి!"

"బావా, ఇలా తే" అని వెండెల్ లేచాడు.

"కూర్చో!" అని మైలో, కొరీన్ ఒకేసారి అరిచారు. "ఎవ్వరూ ముట్టుకోకూడదు!"

డాక్టరు వంగిన కర్రతో మైలో మీదికి వచ్చాడు. మైలో ఐసు పెట్టె చుట్టూ వెనక్కి నడిచాడు. ఒకాయన ఇస్తానంటాడు, ఒకాయన వద్దంటాడు. మా రేవులో ఏ పడవ మీదా ఇలాంటి తగువు అంతకుముందు జరగలేదు. రెండు చుట్లు తిరిగారు. మూడో చుట్టులో డాక్టరు కర్రను మైలో ఛాతీకి ఎదురుగా చాపి, వదిలేశాడు.

అందులో ఆయన తప్పు లేదు. పడవ మీద ఎవరి పట్టు సడలినా మరుక్షణం కర్ర మైలో చేతిలో ఉంటుందని శనివారమంతా ఆయన కళ్ళారా చూశాడు.

మైలో చేతులు ప్యాంటులోంచి బయటికి వచ్చాయి. కర్ర దాకా వెళ్ళాయి. వెళ్ళి, జానెడు దూరంలో ఆగిపోయాయి. కర్ర పడవ వెనక అంచుకి ఒకసారి టక్కున కొట్టుకుని నీళ్ళలోకి జారింది. చేప అవతలి ఒడ్డున ఉన్న మిషిగన్ రాష్ట్రం వైపు వెళ్ళింది. రీలుతో సహా కర్ర దాని వెంట వెళ్ళింది.

కొరీన్ వల కింద పెట్టింది.

"పట్టుకుంటావనుకున్నానయ్యా!" అన్నాడు డాక్టరు.

"నేనూ అనుకున్నా" అన్నాడు మైలో.

రేడియోలో నోర్బ్ గొంతు వినపడింది, ఎవరో పోయిన వార్త చెబుతున్నట్టు. "ముట్టుకోలేదు. నేను చూశా. దేవుడి తోడు, వాడు ముట్టుకోలేదు."

సాయంత్రం తక్కెడ దగ్గర ఊరంతా చేరింది. నోర్బ్ పడవ నుంచి దిగిన చేప బాగానే ఉంది. దాన్ని పట్టానని చెప్పుకున్న పెద్దమనిషి చొక్కా ఇస్త్రీ నలగలేదు. నోర్బ్ మోచేతుల దాకా చేప జిగురు.

"ఇంకెవరైనా ముట్టుకున్నారా?" అని అడిగింది జెనెవీవ్.

"లేదండీ" అన్నాడు పెద్దమనిషి. ఆవిడ రాసుకుంది.

డాక్టరు ప్రిచెట్ దొరికినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నాడు. "ఇలాంటి కెప్టెన్ని ఎక్కడా చూడలేదు. మనిషి చేతులు ఊడిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు. సాయం చెయ్యనివాడు పడవెందుకు నడపాలి?" చాలామంది అవునన్నారు. కిందటేడు మైలోని చూసి చేతులు వెనక్కి కట్టుకుని నడిచినవాళ్ళు కూడా.

పోటీలో ఉన్న ప్రతి కెప్టెనూ తక్కెడ దగ్గరికి రావాలి. మైలో వట్టి చేతులతో వచ్చి నిలబడ్డాడు.

"నీ చేపేదీ?"

"సరస్సులో ఉంది."

జెనెవీవ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అలవాటుగానే అడిగిందో, కావాలనే అడిగిందో తెలియదు. "ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరూ ముట్టుకోలేదు."

"ఇన్నేళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నా మైలో, నేను నమ్మిన 'లేదు' ఇదొక్కటే" అంది ఆవిడ. అని, జనం వైపు తిరిగి, పలక మీదికి ఎక్కాల్సిన పేరు నోర్బ్‌దేనని మైకులో చెప్పింది.

జనం చప్పట్లు కొట్టారు. మైలో కూడా కొట్టాడు. అందరూ ఆపేసినా ఆయన ఆపలేదు. నోర్బ్ తల దించుకుని జిగురు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ తక్కెడ దగ్గర్నుంచి వెళ్ళిపోయినా ఆపలేదు. చివరికి కొరీన్ వచ్చి ఆయన రెండు మణికట్లూ పట్టుకుని, "చాలు, ఇంటికి పోదాం పద" అంది.