సగం నుంచి చదివిన నవల

కరీంనగర్ హాస్టల్ నుంచి మా అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చిన రోజు, పెట్టెలో ఆమె బట్టల కింద ఒక ఇంగ్లీషు నవల కనిపించింది. నవల అంటే సగమే. ముందు పేజీలు లేవు. ఒక వాక్యం నడిమి నుంచి మొదలవుతుంది. పైన కెమిస్ట్రీ గైడు అట్ట తొడిగి ఉంది.

అప్పుడామె ఇంటర్ రెండో సంవత్సరం. ఆదిలాబాద్‌లో కాలేజీలు లేవా అని పత్తి వ్యాపారం చేసే మా ఆయన అన్నా వినలేదు. కరీంనగర్‌లోనే చదువుతానని ఇష్టపడి వెళ్లింది. హాస్టల్ గదిలో కాగజ్‌నగర్ అమ్మాయి తోడైంది. మెథడిస్టు చర్చికి వెళ్లే కుటుంబం, తండ్రికి కాగితం మిల్లులో పని. ఫోన్ చేస్తే చాలు, మా అమ్మాయి నోట ఆ పిల్ల మాటలే. ఒకే పళ్లెంలో తింటారట. ఇద్దరూ ఒకే చోట డిగ్రీ చేస్తారట.

దసరా సెలవుల తర్వాత, వానలు వెనకపట్టిన రోజుల్లో ఆ పిల్లకు జ్వరం వచ్చింది. డెంగీ అన్నారు. తండ్రి వచ్చి ఆస్పత్రిలో చేర్చాడు. వారం తిరగకుండానే ఆ పిల్ల చనిపోయింది. మా అమ్మాయి ఆ గదిలో ఇక ఉండలేనంది.

ఇంటికొచ్చాక మాట్లాడటం మానేసింది. "తిన్నవా బిడ్డా?" అంటే "ఊ" అనేది. అంతే. నేను బోథ్‌లో హైస్కూలు టీచర్ని. పదో తరగతి పిల్లల ముఖాలు చూసి, ఎవరింట్లో పొద్దున గొడవైందో పసిగట్టేదాన్ని. నా బిడ్డ ముఖం చూస్తే నాకేమీ తెలిసేది కాదు.

ఒకరోజు ఆ నవల చేతిలోకి తీసుకుని "ఇది నేను చదువుదునా?" అని అడిగాను. "నీ ఇష్టం" అంది గోడవైపు తిరిగి.

బోథ్ బస్సులో చదవడం మొదలుపెట్టాను. నా చదువంతా తెలుగు మీడియమే. ఫోన్లో మాటల అర్థాలు వెతుక్కుంటూ చదివేదాన్ని. ఎక్కడో వేరే దేశంలో చిన్న ఊరు, ఆ ఊరి బడి, అందులో ఐదుగురు పిల్లలు. ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చెబుతారు. ఒకరు చేసిన పని ఇంకొకరి బతుకును తాకుతుంది, చేసినవాళ్లకు ఆ సంగతి తెలియదు. సగం నుంచి మొదలుపెట్టాను కాబట్టి ఎవరు ఎవరో నాకు అంతుపట్టలేదు. ఇద్దరమ్మాయిలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు, పలకరించుకోరు. ఎందుకో తెలియదు.

ఆదివారం చిక్కుడుకాయలు ఒలుస్తూ మా అమ్మాయినే అడిగాను.

"గా ఇద్దరు పిల్లలు ఎందుకు మాట్లాడుకుంటలేరు?"

"అది మొదటి సగంల ఉంటదమ్మా."

"నేను సదవలే గదా. జర చెప్పు."

చెప్పింది. వాళ్లు చిన్నప్పటి దోస్తులని, ఒకరి రహస్యం ఇంకొకరి నోటినుంచి బయటపడిందని, దాని వెనుక మూడోవాడున్నాడని. ఇంటికొచ్చినప్పటి నుంచి ఆమె నోట అన్ని మాటలు ఒక్కసారిగా వినడం అదే మొదలు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"మొదటి సగం ఏది మరి?"

ఆమె చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"దాని దగ్గర్నే ఉండె. వార్డెన్ మేడం చూస్తే గుంజుకుంటదని మేమే రెండు ముక్కలు చింపినం. నేను ముందుగల్ల సదివి దానికిచ్చిన. జ్వరంల గూడ అడిగింది, గా ఇద్దరు మళ్ల మాట్లాడుకుంటరా, చెప్పవే అని. చెప్తే మజా పోతది, నువ్వే సదువుకో అన్న." చేతిలో కాయను పళ్లెంలో పడేసి "నేను చెప్పలే అమ్మా" అంది.

దగ్గరికి తీసుకున్నాను. కొయ్యలా బిగుసుకుపోయింది. ఏడవలేదు.

ఆ పిల్ల తల్లిని ఒకసారి చూసొస్తే దీని గుండె బరువు దిగుతుందనుకున్నాను. అడిగితే తలూపింది. సెలవు రోజున ఆసిఫాబాద్ మీదుగా కాగజ్‌నగర్ వెళ్లాం.

తండ్రి డ్యూటీలో ఉన్నాడు. తల్లి ఒక్కతే ఉంది, నా ఈడుదే. మా అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత లోపలి నుంచి కూతురి బ్యాగు తెచ్చింది. పుస్తకాల మధ్య ఆ మొదటి సగం ఉంది. చివరి పేజీలకు ఇంకా కొంచెం ముందే గుర్తుగా తలపిన్ను పెట్టి ఉంది.

"మేడం, నాకు ఇంగ్లీషు రాదు" అందామె. "దసరాకు వచ్చినప్పుడు గిది సదువుకుంట ఒక్కతే నవ్వుకునేది. గిండ్ల ఏమున్నదో జర చెప్పున్రి."

మా అమ్మాయి తలపిన్ను ఉన్న పేజీనే చూస్తూ కూర్చుంది. నేనే చెప్పాను. రెండో సగం అప్పటికి చదివేశాను కాబట్టి, ఐదుగురు పిల్లల సంగతీ తెలిసినంత వరకు చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"ఆఖరికి గా ఇద్దరు మాట్లాడుకున్నరా?"

"మాట్లాడుకున్నరు అక్కా."

"మంచిది" అంది. గోడమీది కూతురి ఫోటో వైపు చూస్తూ, "అప్పట్ల మిల్లు కొన్నేండ్లు బందైనప్పుడు గూడ దేవుడే దారి చూపిస్తడని రోజు ప్రార్థన చేసినం. గిప్పుడు మోకాళ్ల మీద కూసుంటే మాటనే రాదు మేడం" అంది.

వచ్చేటప్పుడు మా అమ్మాయి తన దగ్గరున్న సగాన్ని ఆమెకిచ్చింది. ఆమె రెంటినీ బ్యాగులో పెట్టి, దీని తల నిమిరి, "నువ్వన్న మంచిగ సదువుకో బిడ్డా" అంది. మా అమ్మాయి గబగబా బయటికి పోయి, నల్లా దగ్గర కూలబడి వాంతి చేసుకుంది.

ఆ ప్రయాణంతో మనిషి తేరుకుంటుందనుకున్నాను. తేరుకోలేదు. మిగిలిన ఇంటర్ ఆదిలాబాద్‌లోనే పూర్తిచేసి పాసయింది. ఇక్కడే డిగ్రీలో చేరింది. డాక్టరుకు చూపించాం, మందులు వాడుతోంది. మందులతో నిద్ర పడుతోంది. నేను కొనిచ్చిన నవలలు ఒక్కటీ తెరవలేదు. కాగజ్‌నగర్ తల్లి మొదట్లో ఫోన్ చేసేది. మా అమ్మాయి గొంతు వినగానే ఏడుపు ఆపుకోలేక పెట్టేసేది. తర్వాత చేయడం మానేసింది.

మొన్న సాయంత్రం కాలేజీ నుంచి ఒకమ్మాయి ఇంటికొచ్చింది. తెల్ల కాగితం చుట్టిన మిఠాయి పొట్లం తెచ్చింది, తన పుట్టినరోజట. మా అమ్మాయి గదిలోంచే "లేనని చెప్పు" అంది. ఆ పిల్లకు వినపడే ఉంటుంది. పొట్లం నా చేతికిచ్చి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

లోపలికెళ్లి అడిగాను. "మంచి పిల్ల లెక్కనే ఉంది గదనే. దోస్తీ చేస్తే ఏమైతది?"

"ఎందుకమ్మా?" అంది.

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగినట్టు నా వైపు చూసింది. మిఠాయి పొట్లం ఆమె మంచం పక్కన బల్ల మీద పెట్టాను. ఆమె దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకుంది.