పిడికిట్లో తాళంచెవి

మార్కాపురం పలకల గనిలో పైనుంచి జారిన రాయి నా తలకు తగిలినప్పుడు నా కూతురికి మూడో నెల. తెల్లదొరల కాలం. మా తాలూకా అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేది. గాయం మానింది, దాని మీద వెంట్రుకలు కూడా మొలిచాయి. ఆ తర్వాత మొదలైంది మూర్ఛ. నడుస్తూ నడుస్తూ పడిపోయేదాన్ని. నోట నురగ, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, అవన్నీ చూసినవాళ్లు చెబితే విన్నవే. నాకు తెలిసింది లేచాక నాలుక మీద నెత్తురు, ఒళ్లంతా నొప్పులు.

మూర్ఛ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెడతారు మా వైపు. మా అత్త ఇంకో అడుగు ముందుకు వేసింది. ముందునుంచే పట్టుకుని ఉంటే అసలు రానే రాదు కదా అని ఇంటి తాళంచెవి నా కుడి పిడికిట్లో పెట్టింది. నిద్రలో తప్ప వదలకూడదు. చేట పట్టలేను, రోకలి ఎత్తలేను. పొయ్యి దగ్గరికీ బావి దగ్గరికీ ఎట్లాగూ పోనివ్వరు. ఊరికే కూచుని తినడం నాకు చేతకాదు.

పనిదేముంది, ఎవరో ఒకరు చేస్తారు. బిడ్డను ఎత్తుకోనివ్వలేదు, అదే నన్ను కాల్చింది. పాలవేళకు అత్తే పిల్లను నా రొమ్ముకు ఆనించి పట్టుకునేది. కడుపు నిండగానే తీసుకుపోయేది.

"ఒక్క ఘడియ ఇయ్యి అత్తా."

"దాని మీద పడితే? ఇంకో పిల్లను యాడ తెస్తావు?"



మా నాయన బండి కట్టి మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు. అత్త కూడా వచ్చింది. డాక్టరమ్మ నా పిడికిలి విప్పింది. అరచేతిలో తాళంచెవి అచ్చు, చుట్టూ తుప్పు.

"ఇదేంది?"

"మూర్ఛ రాకుండా అమ్మా," అన్నది అత్త.

"ఇది పట్టుకున్నాక రావడం లేదా?"

"వస్తానే ఉంది," అన్నాను నేను.

"అయితే దీన్ని తలుపుకు పెట్టుకోండి."

మందు పొట్లాలు ఇచ్చింది. బాగున్న రోజు కూడా మానొద్దని, పడబోయే ముందు ఒంట్లో ఏమైనా తెలుస్తుందేమో కనిపెట్టమని చెప్పింది.

"రోగం రాని రోజు మందు మింగేది దండగ గాదా?" అన్నది అత్త దారిలో. నాకూ ఆ మాట నిజమే అనిపించింది. అయినా మింగాను. తాళంచెవి మాత్రం అత్త మాన్పించలేదు.

ఇక కనిపెట్టడమే పని. కూచుంటే లేవాలని, లేస్తే కూచోవాలని. ఈగ వాలినా ఇదేనేమో అనుకునేదాన్ని. మూర్ఛ రావడం తగ్గింది గానీ పోలేదు. చివరికి ఆ సూచన పట్టుకున్నాను. ఎడమచేతి వేళ్లలో చీమలు పాకినట్టు మొదలై మోచేతి దాకా వస్తుంది. చెంబెడు నీళ్లు తాగేంత వ్యవధి.

ఒక మధ్యాహ్నం అత్త పెరట్లో ఉండగా పిల్ల ఏడ్చింది. తాళంచెవి కింద పెట్టి రెండు చేతులా ఎత్తుకున్నాను. గోడకు ఆనుకుని నేల మీద కూచున్నాను. పిల్ల పాలు తాగుతుండగానే వేళ్లలో చీమలు. గబగబా పిల్లను చాప మీద పడుకోబెట్టి, అవతలి మూలకు పొర్లిపోయాను. తర్వాత తెలియదు.

కళ్లు తెరిచేసరికి గుమ్మంలో అత్త. చాపనూ నన్నూ మార్చి మార్చి చూస్తోంది.

"దీన్ని నువ్వే పండబెట్టినావా?"

తల ఊపాను.

"పడతావని ముందే తెలిసినాదా?"

"తెలిసింది."

అత్త కొంగుతో నా మూతి తుడిచింది, గంజి తాగించింది. పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఎత్తుకుంటానని నేను అడగలేదు. అడిగితే కాదంటుందని భయం.

"ఒళ్లు తేరుకున్నాదా?"

"ఆఁ."

"మరి చూస్తా కూచున్నావేంది? పిల్ల గొంతు పోతా ఉంది. ఎత్తుకో."

ఎత్తుకున్నాను. అత్త పక్కనే కూచుంది. పిల్ల మీద చేయి మాత్రం వేయలేదు.