కిటికీ పక్క కర్చీఫ్

వైజాగ్‌లో చదువు కుదరక, ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని భీమవరం వైపు యూనివర్సిటీలో చేరాను. రోజూ మా పాలకొల్లులో రైలెక్కేసరికి పెట్టె కిక్కిరిసి ఉండేది. కొత్త క్లాసులో నాతో మొదట మాట్లాడిన సత్తిబాబుది మొగల్తూరు. అతను దగ్గర్లోనే, రైలు బయల్దేరే నరసాపురంలో ఖాళీ పెట్టె ఎక్కి, కిటికీ పక్కన నాకోసం కర్చీఫ్ వేసి ఉంచేవాడు. "రారా, ఎంతమంది అడిగినా ఇవ్వలేదు" అనేవాడు. నాకు తప్పిపోయిన పాఠాలన్నీ ఆ ప్రయాణాల్లోనే చెప్పాడు.

మూడు నెలలకు క్లాసులోని హుషారు కుర్రాళ్లు నలుగురు నన్ను కలుపుకున్నారు. ఓరోజు వాళ్లూ మా పెట్టెలోనే ఎక్కారు.

"ఏంట్రా, నీ బంట్రోతు సీటు తుడిచి ఉంచాడా?" అన్నాడొకడు.

వాళ్ల ముందు పలచనైపోతానని భయపడ్డాను. "నేనడిగానా? వద్దన్నా వెంటపడతాడు" అన్నాను. అక్కడితో ఆగలేదు. ఆ కర్చీఫ్‌తోనే బూట్లు తుడుచుకున్నాను. అందరూ పగలబడి నవ్వారు. సత్తిబాబు చెయ్యి చాపి కర్చీఫ్ తీసుకుని, దులిపి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు క్షమించమని అడగాలనే రైలెక్కాను. నా చోటులో ఎవరో పెద్దాయన కూర్చున్నారు. సత్తిబాబు నన్ను చూసి లేచాడు.

"కూర్చోండి. నేను నిలబడతాను."

కొత్తవాళ్లతో మాట్లాడినట్టే అన్నాడు. నేను కూర్చోలేకపోయాను, అడగాల్సిందీ అడగలేకపోయాను. చదువు ముగిసేదాకా ఆ ధైర్యం రాలేదు. ఇప్పటికీ రైల్లో ఎవరికోసమో వేసిన కర్చీఫ్ కనిపిస్తే తల తిప్పుకుంటాను.