దొరగారి చెవి వెనక చిక్కు

మా పెద్దమ్మ పిల్లల వార్డులో నర్సు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఏ పిల్లాడూ ఏడవకుండా సూది వేశానని చెప్పుకుంటుంది. అందులో సగం కోతలే అనుకున్నా, మిగతా సగం నేను కళ్లారా చూశాను. అలాంటి మనిషి చేత మూడు చెరువుల నీళ్లు తాగించింది మా అమ్మ పెంచుకునే కుక్క. చూస్తే రెండు జానలుంటుంది. నేలను ఊడ్చే తెల్లటి జుట్టు, ముక్కు మీద కోపం. దువ్వెన కనపడితే ఆ కోపానికి పళ్లు కూడా తోడవుతాయి. పెద్దమ్మ దాన్ని "దొరగారు" అనేది.

అమ్మని ఆఫీసువాళ్లు పది రోజుల శిక్షణకని వేరే ఊరు పంపారు. నాది పొద్దుటి ఉద్యోగం. ఇంట్లో ఒంటరిగా వదిలితే దొరగారు తలుపు గోకి గోకి మెట్ల మీదికి జనాన్ని రప్పిస్తారు. పెద్దమ్మకి ఆ నెల మధ్యాహ్నం డ్యూటీ. అందుకని అమ్మ నన్నూ దొరగారినీ వాళ్లక్క ఇంట్లో దింపింది. దువ్వెన చేతికిచ్చి నోరు మూసుకుని వెళ్లొచ్చు కదా, వెళ్లదు.

"రోజూ దువ్వకపోతే చిక్కు పడుతుందక్కా. చిక్కు పడింది కదా అని కత్తెర తీసేవు. నీ సంగతి నాకు తెలియంది కాదు."

అది పాత గొడవ. అమ్మకి పదేళ్లప్పుడు జడలో విడదీయలేనంత చిక్కు పడిందట. పన్నెండేళ్ల పెద్దమ్మ దువ్వి దువ్వి, చివరికి మెడ దగ్గరికి కత్తిరించేసింది. అమ్మమ్మ చేతిలో పెద్దమ్మ వీపు విమానం మోత మోగింది. అయినా అమ్మకి చాల్లేదు. నలభై ఏళ్లుగా ఎక్కడ నలుగురు చేరినా ఆ జడ కథే ఎత్తుకుంటుంది. అందరూ పడీపడీ నవ్వుతారు. పెద్దమ్మా నవ్వుతుంది గానీ, ఆ పూట అన్నం సరిగ్గా తినదు. ఊహ తెలిసినప్పటినుంచీ నేను అమ్మ పక్షమే.

అమ్మ ఆటో ఎక్కగానే పెద్దమ్మ నా వైపు తిరిగింది. "వీడి జుట్టు ఒక్క పోగు తగ్గకుండా అప్పజెప్పానంటే ఆ జడ గోల ఈ జన్మకి తీరిపోతుందే," అంది. నవ్వుతూ అనలేదు.

నేను ఆఫీసు నుంచి వచ్చాక, ఆవిడ డ్యూటీకి బయల్దేరేలోపు ఒక అరగంట దొరికేది. యుద్ధమంతా అందులోనే. మొదటి రోజు బిస్కెట్టు ఆశ చూపించింది. దొరగారు బిస్కెట్టు స్వీకరించి మంచం కిందికి దయచేశారు. రెండో రోజు వార్డు ఉపాయం తీసింది. కుడిచేత్తో బంతి ఆడిస్తూ ఎడమచేత్తో పని కానిచ్చేయడం. ఒక్కసారి పారింది. మూడో రోజు దొరగారు బంతి వంక చూడనైనా చూడకుండా తిన్నగా ఎడమచేతిని కొరికారు. అక్కడితో ఆగినా బాగుండేది. పెద్దమ్మ ఆస్పత్రికి వెళ్లి, ఒక పిల్లాడికి జ్వరం చూద్దామని థర్మామీటరు కోసం సంచిలో చెయ్యి పెడితే, తెల్ల వెంట్రుకలతో దువ్వెన బయటికొచ్చింది. పక్కనే పెద్ద డాక్టరు ఉన్నాడు.

"నేలమీద సంచి తెరిచుంటే వేసేశాడు వెధవ," అంది ఇంటికొచ్చి. "నా డ్యూటీలోకే చెయ్యి పెడతాడా."

"చెయ్యి కాదు, నోరు," అన్నాను. నాకు ఆ పూట పలకరింపులు బందయ్యాయి.

నాలుగో రోజు ఉపాయాలన్నీ కట్టిపెట్టి, దొరగారిని బల్లమీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టింది. "పదిసార్లు దువ్వుతాను. పదకొండోది ఉండదు," అని చెప్పింది. వెంట్రుకల మొదలు వేళ్లతో గట్టిగా పట్టుకుని, చర్మం లాగకుండా, కొసల నుంచి పైకి వచ్చింది. పైకి లెక్కపెడుతూ పది కాగానే ఆపేసింది. సగం చిక్కు అలాగే ఉంది.

"ఇంకొక్కటి దువ్వితే అదీ పోయేది కదా పెద్దమ్మా."

"పోతుంది. రేపు నా మాట కూడా పోతుంది."

ఎనిమిదో రోజుకి దొరగారు లెక్క మొదలవగానే కళ్లు మూసుకోవడం నేర్చుకున్నారు. పెద్దమ్మ వేళ్లకి నాలుగు పట్టీలు, మొహం నిండా గర్వం. తొమ్మిదో రోజు ఎడమ చెవి వెనక ఒక జుట్టు ఉండ తగిలింది. బిగుసుకుపోయి చర్మాన్ని లాగేస్తోంది, కింద ఎర్రబడింది. దువ్వెన తాకితే కుక్క కీచుమంది. రెండుసార్లు ప్రయత్నించి, లేచి డ్యూటీ కోటు జేబులోంచి కట్లు కత్తిరించే మొద్దుమొన కత్తెర తెచ్చింది.

"వద్దు పెద్దమ్మా. రేపేగా అమ్మ వచ్చేది, అమ్మే చూసుకుంటుంది."

"రేపటిదాకా వీడికి నొప్పే కదే," అంది. చర్మానికీ ఉండకీ మధ్య దువ్వెన దూర్చి, పైనుంచి కత్తిరించింది. ఆవిడ కళ్లు తడయ్యాయి. పక్క జుట్టు దువ్వి కప్పేద్దామన్నాను. గుడ్లురిమి చూసింది.

మర్నాడు అమ్మ వచ్చీ రాగానే దొరగారిని ఒళ్లోకి లాక్కుంది. ముద్దులాడుతూ వేళ్లని చెవి వెనక్కి పోనిచ్చింది. వేళ్లు ఆగిపోయాయి.

అమ్మ నోరు తెరిచేలోపే పెద్దమ్మ ఒక కాగితం కవరు చేతిలో పెట్టింది. మందులషాపులో మాత్రలు వేసిచ్చే కవరు లాంటిది. లోపల ఆ వెంట్రుకల ఉండ. పైన రాత: "ఎడమ చెవి వెనక. చర్మం ఎర్రబడింది. నిన్న మధ్యాహ్నం ఒంటిగంటకి తీశాను." కింద సంతకం.

"ముందే చూసుకోలేదు, తప్పు నాదే," అంది పెద్దమ్మ. "ఎంత తిట్టాలో ఇక్కడే తిట్టెయ్. నలుగురిలో మాత్రం వద్దు."

అమ్మ కవరు చూసింది. పట్టీలున్న వేళ్లు చూసింది.

"అక్కా, ఆ చిక్కు నేనే వేసుకున్నాను," అంది చివరికి.

"ఏది, కుక్కదా?"

"నా జడది. పొట్టి జుట్టు కావాలంటే అమ్మ ఒప్పుకోలేదు. రెండు రోజులు కూర్చుని, ముడిమీద ముడి వేసి సబ్బు రాశాను. నువ్వు విసిగిపోయి కత్తిరిస్తావని తెలుసు. చెబితే అమ్మ చంపేస్తుందని భయం. పెద్దయ్యాక చెబుదామంటే... అప్పటికే అందరూ ఆ కథకి నవ్వుతున్నారు."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇన్నేళ్లూ నా చెవిలో కూడా పువ్వులు పెట్టావన్నమాట," అన్నాను. ఇద్దరిలో ఒక్కరూ నా వైపు చూడలేదు.

పెద్దమ్మ మంచం అంచున కూర్చుంది. అరుస్తుందని ఎదురుచూశాను. అరవలేదు.

"పొట్టి జుట్టు కావాలని నాతో అంటే నేనే కత్తిరించేదాన్ని కదే," అంది. "దెబ్బలు ఎలాగూ నాకే పడేవి."