డాక్టరమ్మ చింతపిక్కలు

2003 ఆగస్టు, రెండో మంగళవారం. ఇవాళ పొద్దున్నే నాకు ఎదురైన మొదటి ఆశ్చర్యం మూసి ఉన్న మా కొట్టు. పండగ పూటైనా తెల్లారేసరికి తలుపులు తీసి సాంబ్రాణి వేసే మా నాన్న, తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మం మీద కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

"విశాపట్నం నుంచి ఫోనొచ్చింది అమ్మీ. మన డాక్టరమ్మ రేత్రి నిద్దర్లోనే పోయిందట. గుండె ఆగిపోయిందట."

డాక్టరమ్మ మా పక్కింట్లో పుట్టి పెరిగిన మనిషి. ఆవిడ తాతగారి నాటి నుంచి వాళ్లది సంస్థానం కచేరీ ఉద్యోగాల కుటుంబం. మాది రాయగడలో చింతపండు, పసుపు, ఇప్పపిక్కలు టోకున అమ్ముకునే కుటుంబం. ఆవిడ విశాఖపట్నంలో రొమ్ము క్యాన్సరు మీద పరిశోధన చేసేవారు. ఆ జబ్బు కొన్ని వంశాల్లోనే ఎందుకు తిరుగుతుంది, ఒకే మందు ఒకరికి పనిచేసి ఇంకొకరికి ఎందుకు పనిచేయదు అన్నవి ఆవిడ జీవితమంతా వెంట తిప్పుకున్న ప్రశ్నలు. సెలవులకి ఊరొచ్చినా ఆ ప్రశ్నలు సంచిలో ఉండేవి. వీధిలోవాళ్లకి మాత్రం డాక్టరంటే డాక్టరే.

"జొరానికి మాత్ర ఇయ్యవా తల్లీ?" అని ఎవరో ఒకరు అరుగెక్కేవారు.

"నాను జొరం డాక్టర్ని కాదు పిన్నీ. మీ అమ్మ ఎలాగ పోయిందో సెప్పు, కాఫీ ఇస్తాను."

ఊరిలో సేకరించిన రక్తం గొట్టాలని ఐసు నింపిన డబ్బాలో పెట్టుకుని ఆవిడ రైలెక్కేవారు. ఒకసారి నేను స్టేషనుకి సాగనంపడానికి వెళ్లాను. రైలుపెట్టెలో ఒకావిడ ఆ ఐసు డబ్బా వంక చూసి, "సేపలేటమ్మా?" అని ముక్కు మూసుకుంది. "కాదమ్మా, సుట్టాలు," అన్నారు డాక్టరమ్మ. ఆవిడ పక్కకి జరిగి చోటిచ్చింది.

మా ఇంటి చుట్టాలను ఆవిడ లెక్క వేసిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు నేను కాలేజీలో కొత్తగా చేరాను. ఆవిడ మా కొట్లో గోనె పరిచి కూర్చుని, కాగితం తీయకుండా బస్తాలోంచి గుప్పెడు గింజలు తీశారు. ఆడవాళ్లకి చింతపిక్క, మగవాళ్లకి ఇప్పపిక్క. జబ్బు వచ్చినవాళ్లకి ఒకవైపు అరగదీసిన చింతపిక్క, తెల్లవైపు పైకి. పిల్లలు గవ్వలు లేనప్పుడు అష్టాచెమ్మా ఆడతారే, అలాంటివి. కాగితం తీస్తే జనం కోర్టు అనుకుంటారనీ, పిక్కలు తీస్తే ఆట అనుకుని దగ్గరకొస్తారనీ ఆవిడ చెప్పేవారు.

నాన్న తన పేరు చెప్పాడు, నానమ్మ పేరు చెప్పాడు, మా అమ్మని చెప్పాడు. "మా ఇంట్లో ఆ జబ్బు నేదమ్మా," అన్నాడు. గోనె మీద ఒక్క తెల్లపిక్కా లేదు.

"మరి మీ అప్పచెల్లెళ్లు?"

"ఆళ్లు మా ఇంటోళ్లు కాదు కదా డాక్టరమ్మా. ఇచ్చీసినోళ్లు."

నాన్న అబద్ధం ఆడలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెట్టే సంగతి. తద్దినం నాడు మా ఇంట్లో తలుచుకునే పేర్లలో ఇచ్చేసిన ఆడపిల్లలు ఉండరు. వాళ్ల పుణ్యం, వాళ్ల రోగం అత్తవారివే అని నాన్న మనస్ఫూర్తిగా నమ్మాడు. నేనూ నమ్మాను.

డాక్టరమ్మ నవ్వారు. "ఇంటిపేరు మార్చేరు, గోత్రం మార్చేరు. రక్తం కూడా మార్చీసేరేటి? అన్నయ్యా, ఇది తల్లి నుంచే కాదు, తండ్రి నుంచీ వస్తాది. మగాడికి ఏమీ కనిపించకపోవచ్చు. కూతురికి దింపీగలడు."

నాన్న మొహం మారిపోయింది. అప్పుడు చెప్పాడు. బొబ్బిలిలో ఇచ్చిన పెద్దత్త 'గెడ్డ లేసి' పోయింది. పార్వతీపురంలో నాన్న మేనత్తదీ అదే కథ. డాక్టరమ్మ రెండు తెల్లపిక్కలు పెట్టారు. మేనరికాలు కూడా పేర్చేసరికి వరస ఊళ్లన్నీ తిరిగి మళ్లీ మా గుమ్మంలోకే వచ్చింది.

"ఇచ్చీస్తారు, మళ్లీ తెచ్చుకుంటారు. మీ కొట్లో సరుకు పోతాది గానీ, మీ రక్తం బయటికి పోదు కదా," అన్నారావిడ.

మిగిలింది మునిగుడలో ఇచ్చిన చిన్నత్త. ఆవిడ కోసం ఒకవైపు అరగదీసిన పిక్క తీయగానే నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "దాని జోలికెల్లకండమ్మా. దాని పిల్లకి సంబంధాలు సూస్తన్నాం. ఈ మాట బయటికొస్తే ఎవలు సేసుకుంతారు?"

"మీరు వద్దంటే నేను వెళ్లను. చెప్పవలసింది మీరే," అని ఆ పిక్క నా అరచేతిలో పెట్టారు. "ఇది ఎటు పడిందో నాకు తెలీదు అమ్మీ. సూసి సెప్పండి."

ఆ తర్వాత వచ్చిన ప్రతిసారీ ఆవిడ అడిగేది ఒక్కటే: "మునిగుడ వెళ్లేరా?" సీజను అనేవాళ్లం, పరీక్షలనేవాళ్లం. ఆవిడ మళ్లీ అడిగేవారు తప్ప మందలించలేదు.

నేను మాటల మోజులో పడ్డ పిల్లని. కొత్త మాట దొరికితే రోజంతా నోట్లో నానబెట్టుకుంటాను. కాలేజీ పత్రికకి క్యాన్సరు మీద వ్యాసం రాసి గర్వంగా ఆవిడకి చూపించాను. అందులో ఎక్కడ చూసినా 'వక్షోజములు', 'కర్కటవ్యాధి'. ఆవిడ చదివి, కళ్లద్దాలు తీసి, "మీ అత్తకి వక్షోజములున్నాయేటే?" అన్నారు. నేను తలొంచుకున్నాను. "మీ అత్తకి ఉన్నది రొమ్ము. ఆవిడకి తెలిసేలాగ రాయి. సిగ్గు ఉంటే ఉండనీ, నాకేం అడ్డం కాదు. గెడ్డని మాత్రం దాచుకోకండి."

వ్యాసం అచ్చయింది, వక్షోజములతోనే. ఆ చిన్నమాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఈ వేసవిలో చిన్నత్త మా ఇంటికి వచ్చింది. ఎడమ చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయింది. "ఏటీ నేదే, బస్తా తగిలింది," అని పమిట సర్దుకుంది. నేను చూశాను. నాన్న చూశాడు. నేను చూసిన సంగతి నాన్నకి తెలుసు. ముగ్గురం పనసపండు గురించి మాట్లాడుకున్నాం. ఆ తర్వాత డాక్టరమ్మ ఊరొచ్చి "మునిగుడ వెళ్లేరా?" అన్నప్పుడు, నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. ఆవిడని చూడడం అదే ఆఖరు.

స్మృతివ్యాసం రాసేవాళ్లు పోయినవాళ్ల గొప్పతనం రాస్తారు. నాకు ఆవిడ గొప్పతనం తలుచుకుంటే దుఃఖం కన్నా ముందు సిగ్గు వస్తోంది. చుట్టాలు కానివాళ్ల చుట్టాలందరి కోసం ఆవిడ ఐసు మోసుకుని రైళ్లలో తిరిగారు. మేము మునిగుడ దాకా వెళ్లలేదు.

ఇవాళ మధ్యాహ్నం అన్నానికి పిలవడానికి కొట్లోకి వెళ్లాను. తలుపు ఓరగా వేసి ఉంది. నాన్న గోనె పరుచుకుని పిక్కలు పేరుస్తున్నాడు. తన పిక్క పక్కనే అప్పచెల్లెళ్లని పెట్టాడు, ఇచ్చీసినోళ్లని. కింద నాకొకటి, అత్త కూతురికొకటి.

"ఆవిడ అడిగింది ఒక్క మాట," అన్నాడు తలెత్తకుండా. "రేపు పొద్దున్న బండికి ఎల్దాం. మీ అత్తని తీసుకుని అట్నుంచటే విశాపట్నం ఆస్పత్రికి. నాను అన్నని, నాకు నోరు రాదు. నువ్వు లోపలికెల్లి సెప్పు. నాను గుమ్మంలో కూకుంటాను."

"ఏటని సెప్పను నాన్నా?"

"ఆవిడ నీకు నేర్పిన మాటే సెప్పు."

నా పెన్నుల డబ్బాలోంచి అత్త పిక్క తెచ్చి ఇచ్చాను. నాన్న దాన్ని ఎటూ పడనీయకుండా కొట్టు తాళం కప్పకి ఆనించి నిలబెట్టాడు. అది ఇంకా అలాగే నిలబడి ఉంది. రేపు పొద్దున్నే లేచి, తల దువ్వుకుంటూ ఆ మాట పైకి అని చూసుకోవాలి. బండి మునిగుడ చేరేలోగా నోరు తిరగాలి.